ఈ క్రిస్మస్‌కు బొమ్మకు గౌను కుట్టలేదు

మా పాపకు నాలుగేళ్లప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ నేను రెండు గౌన్లు కుడతా వచ్చినా. ఒకటి పాపకు. అదే గుడ్డలో మిగిలిన ముక్కతో ఇంకొకటి దాని బొమ్మకు. జానెడు బొమ్మ. దాని చంక దగ్గర కుట్టు తిప్పడం పెద్దవాళ్ల జాకెట్టు కంటే కష్టం, మిషన్ కింద తిరగదు, చేత్తోనే కుట్టాలి. మాది కడప. ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచిపోయేంత దూరంలో ఇల్లు, ముందు గదిలోనే నా టైలరింగు. డిసెంబరు వచ్చిందంటే చర్చి వాళ్ల బట్టలన్నీ నా మిషన్ మీదే ఉంటాయి. రాత్రి పదకొండు దాకా కుట్టినా తెమలదు. ఎంత పనున్నా ఇరవై మూడో తేదీ రాత్రి అందరూ పడుకున్నాక కూర్చోని బొమ్మ గౌను కుట్టేదాన్ని. ఏడు క్రిస్మస్‌లు, ఏడు గౌన్లు.

2025 నవంబరు ఆఖరి వారంలో గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తాంటే పాప వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, ఈసారి బొమ్మకొద్దు."

నేను తలెత్తి చూసినా.

"నాక్కూడా గౌనొద్దు మా. ప్యాంటూ షర్టూ కుట్టు. జేబులుండాల."

కోపంగా అనలేదు, గారాబంగానూ అనలేదు. నా కస్టమర్లు "మెడ కొంచెం పైకి పెట్టక్కా" అని చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది. పదకొండు నిండి పన్నెండో ఏడు నడుస్తాంది. ఆరో తరగతి. ఆ నెలలోనే సండే స్కూల్ నాటకంలో దేవదూత వేషం కూడా వద్దనింది. రెక్కలు చిన్నపిల్లలకే బాగుంటాయంట. వెనక నిలబడి పాటలు పాడతానని చెప్పొచ్చింది.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చినాక తన బొమ్మల అట్టపెట్టె తనే దించింది. వంట సామాన్ల సెట్టు, బ్లాకులు, కీ ఇస్తే తిరిగే కోతి అన్నీ సండే స్కూల్లో చిన్న క్లాసు పిల్లలకని ఒక సంచిలో వేసింది. బొమ్మను పక్కింటి నాలుగేళ్ల పిల్లకిచ్చింది. గౌన్లు మాత్రం ఇవ్వలేదు. ఏడూ మడతపెట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి నా మిషన్ సొరుగు మీద పెట్టింది. "ఇవి నువ్వు కుట్టినవి కదా, నీ దగ్గరే పెట్టుకో" అనింది. ఆ డబ్బా మూత నేను రెండు రోజులు తెరవలేదు.

మరి దీనికి ఈసారి ఏమివ్వాల? నాకు ఒక్కటీ తోచలేదు. చిన్నప్పుడు క్రిస్మస్ తాతకు పేజీ నిండా రాసేది. ఇప్పుడు నేరుగా అడిగితే "ఏమొద్దులే మా" అంటుంది. రెండుసార్లు అడిగినా, అదే మాట. వద్దని కాదు, దాని మనసులో ఏదో ఉంది. చెప్తే కాదంటామనే భయం ఉంది. ఆ వయసులో నేనూ అట్లే ఉండేదాన్ని.

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మనకూ వాళ్లకూ రెండున్నర గంటలు తేడా. ఇక్కడ రాత్రి పదింటికి నేను మిషన్ ఆపితే అక్కడ ఆయన ఏడున్నరకు డ్యూటీ దిగి ఫోన్ చేస్తాడు. "ట్యాబ్ పంపిస్తా, పెద్దపిల్ల అయింది కదా" అన్నాడు. దూరంలో ఉండే మనిషికి ఖరీదైంది పంపితే దగ్గరున్నట్టు ఉంటుంది, అది నాకు తెలుసు. కానీ పాప ఎప్పుడూ ట్యాబ్ అడగలేదు. నా ఫోన్ తీసుకున్నా గేముల కోసం కాదు, స్కోరు చూసి ఇచ్చేస్తుంది. "పది రోజులు ఆగు, నేను చూస్తా" అన్నా. మా ఆడబిడ్డ మేకప్ సెట్టు కొనియ్యమనింది. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ సైన్సు కిట్ అనింది. వాచీ అనుకున్నా, అల్లికల సెట్టు అనుకున్నా. ఒక్కొక్కటీ వేరే ఎవరి పిల్లకో కొంటున్నట్టే ఉండింది.

ఆ వారమే నా కాజా దారం కనపడలేదు. కోట్లకు, జీన్సుకు వాడే నల్లటి లావు దారం ఉండ. మిషన్ కింద వెతికినా, పాత గుడ్డల మూటలో వెతికినా. చివరకు పాప స్కూలు బ్యాగు ముందు జేబులో దొరికింది. పక్కనే ఒక టెన్నిస్ బంతి.

బంతిని చేతిలోకి తీసుకున్నా. పచ్చ నూగు సగం పోయింది. దాని నడుం చుట్టూ నా దారంతో రెండు వరుసలు కుట్టుంది. మందమైన రబ్బరు, సూది దిగడమే కష్టం. ఎన్నిసార్లు వేళ్లకు గుచ్చుకోనుంటుందో. కుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా పడినాయి. దారం ముడి మాత్రం బయటికి కనపడలేదు. ముడిని కుట్టు కిందికి లాగి దాచింది. బొమ్మ గౌనుకు హుక్కు కుట్టేటప్పుడు నేను నేర్పింది అది.

"ఎందుకే ఇది?" అని అడిగితే మొదట బెదిరింది, దారం తీసుకున్నందుకు తిడతాననుకుంది. తిట్టననుకున్నాక చెప్పింది. టెన్నిస్ బంతి వేలికి పట్టు దొరకదంట, జారుతుందంట. నిజం క్రికెట్ బంతికి నడుమన కుట్టు లేచి ఉంటుంది, ఆ కుట్టు మీద వేలు పెట్టి తిప్పితే నేల తాకినాక పక్కకు తిరుగుతుంది. అందుకని కుట్టు వేసుకుంది.

నాకు అప్పుడు నవంబరు 2, ఆదివారం రాత్రి గుర్తొచ్చింది. నవీ ముంబైలో ఆడవాళ్ల ప్రపంచ కప్పు ఫైనలు. వాన పడి మ్యాచి ఆలస్యంగా మొదలైంది, అయిపోయేసరికి అర్ధరాత్రి. మనవాళ్లు సౌతాఫ్రికాను 52 పరుగులతో ఓడించినారు. మన జిల్లా పిల్ల శ్రీచరణి ఆ టీములో ఉంది కాబట్టి మా వీధిలో ఏ ఇంట్లోనూ దీపం ఆరలేదు. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆ పిల్లది. ఆ కప్పులో మొత్తం 14 వికెట్లు తీసింది. మా అత్త, అంటే పాప వాళ్ల జేజి, మామూలుగా తొమ్మిదికే పడుకుంటుంది. ఆ రాత్రి కుర్చీలోనే కూర్చుంది. మా పాప పుట్టుకతో పుర్రచెయ్యి. ఎడం చేత్తో తింటుందని, ఎడం చేత్తో రాస్తుందని జేజి చిన్నప్పటి నుంచి కసురుతానే ఉంది. ఆ రాత్రి శ్రీచరణి బంతి వేయడానికి వస్తాంటే జేజి ముందుకు వంగి, "ఏమ్మే, ఆ పిల్లది కూడా పుర్రచెయ్యేనా?" అనింది. పాప ఏమీ మాట్లాడలేదు. జేజి భుజానికి ఆనుకొని చూస్తా ఉండింది. నేను ఆ పూట జాకెట్లకు హుక్కులు కుడతాంటి, సగం చూసినా, సగం చూడలేదు. అల్మారా తలుపు లోపల పాప అంటించిన శ్రీచరణి పేపరు ముక్క కూడా ఆ తర్వాతే నా కంట పడింది. నెల నుంచి అక్కడే ఉంది.

సరే, తెలిసిపోయిందనుకున్నా. రెండో రోజే మధ్యాహ్నం షాపు మూసి వై.వి. స్ట్రీట్ వైపు పోయి ఆట సామాన్ల అంగడి వెతికినా. నాకు క్రికెట్ గురించి ఏమీ తెలియదు. తోలు బంతి ఒకటి ఇమ్మన్నా, ఇచ్చినాడు. చేతులకు దెబ్బ తగులుతుందేమోనని బ్యాటింగ్ గ్లౌజులు కూడా అడిగినా. "లెఫ్టా, రైటామ్మా?" అన్నాడు. వాటిలో కూడా తేడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. బ్యాటు పిడి మీద కిందుండే చెయ్యి బొటనవేలికి దెబ్బ ఎక్కువ తగులుతుంది కాబట్టి మెత్త అటువైపు ఎక్కువ పెడతారంట. పిల్ల పుర్రచెయ్యి కదా, లెఫ్టే అన్నా. పిల్లల సైజులో లెఫ్ట్ అరుదు. ఆయన మేడ మీదికి పోయి పావుగంట వెతికి తెచ్చిచ్చినాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ సంచి ఒళ్లో పెట్టుకొని చాలా తేలిగ్గా అనిపించింది.

శనివారం సాయంత్రం దారం కొనడానికి పోయి వస్తా, మా వెనక వీధి ఖాళీ స్థలం దగ్గర ఆగినా. పిల్లలు ఆడతాండారు. ఎనిమిది మంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. నా కూతురు ఆడేది నేను నిలబడి చూడడం అదే మొదటిసారి. రోజూ సాయంత్రం "ఆడుకోడానికి పోతాండా" అంటే "చీకటి పడేలోపల రా" అని తల ఎత్తకుండా చెప్పే దాన్ని.

ఎడం చేత్తో బంతి వేసింది. నాలుగడుగులు నడిచినట్టే వచ్చి, చెయ్యి చెవి పక్క నుంచి తిప్పి వదిలింది. బంతి మెల్లగా పోయి, నేల తాకి, బ్యాటు వాణ్ని దాటి పక్కకు జరిగింది. వాడు గాల్లో కొట్టినాడు. కొంచెం సేపటికి బ్యాటు తన చేతికొచ్చింది. నిలబడింది చూస్తే కుడి వాటంగా ఉంది, అందరి మాదిరే. రాసేది ఎడమ, తినేది ఎడమ, బంతి వేసేది ఎడమ, బ్యాటు పట్టేది కుడి. మొదట బ్యాటు పట్టడం నేర్పిన పిల్లలంతా కుడి వాటం వాళ్లే, వాళ్లను చూసి అట్లే పట్టుకుందంట, తర్వాత చెప్పింది. పదకొండేళ్లు కని పెంచిన బిడ్డ బ్యాటు ఎటు పట్టుకుంటుందో నాకు తెలియలేదు. అంగడిలో అంత నమ్మకంగా "లెఫ్టే" అన్న మాట చెవిలో తిరుగుతానే ఉంది.

ఇంక ఊహల మీద కొనకూడదనుకున్నా. సోమవారం పొద్దున్నే ఆడపిల్లలకు కూడా కోచింగ్ ఇచ్చే ఒక గ్రౌండుకు పోయినా. పాపకు చెప్పలేదు. ఆరు గంటలకు మంచు ఇంకా ఉంది. పది పన్నెండు మంది ఆడపిల్లలు చుట్టూ వల కట్టిన నెట్లలో బంతులు వేస్తాండారు. ఇద్దరు ముగ్గురు మా పాప అంతే ఉన్నారు. అక్కడ నేర్పించే సార్‌కు నా సంచిలో బంతి చూపించినా. చేతిలో ఎగరేసి పట్టుకొని, "ఇది మగవాళ్ల బంతమ్మా" అన్నాడు.

ఆయన చెప్పింది నేను అక్కడే చీటీ మీద రాసుకున్నా. మగవాళ్ల బంతి 156 నుంచి 163 గ్రాములు. ఆడవాళ్లది 140 నుంచి 151. పదమూడేళ్లలోపు పిల్లలది 133 నుంచి 144. బరువొక్కటే కాదు, చుట్టుకొలత కూడా చిన్నగా ఉంటుంది. పెద్ద బంతి చిన్న చేతికిస్తే వేళ్లు చాలవు, పిల్ల అరచేత్తో పట్టుకుంటుంది. అరచేతి పట్టు అలవాటైతే స్పిన్ ఇంక రాదు, తర్వాత మాన్పించడం చాలా కష్టం. బ్యాటు, ప్యాడ్లు, హెల్మెట్టు మొదట్లో గ్రౌండువే వాడుకోవచ్చు. తనకంటూ ఉండాల్సింది మంచి బూట్లు, ఒక బంతి. స్పిన్ వేసే పిల్ల ఇంట్లో పడుకొని కూడా బంతిని పైకి తిప్పేసి పట్టుకోవచ్చు, వేళ్లకు బలం వస్తుంది. తోలు బంతితో వీధిలో మాత్రం ఆడనియ్యొద్దన్నాడు. నెట్టు, ప్యాడ్లు లేకుండా ఎవరూ దాని ముందు నిలబడకూడదని రెండుసార్లు చెప్పినాడు.

ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయినా. నా వృత్తిలో పిల్లల బట్టలకు ఎప్పుడూ పెరుగుదలకు వదిలి కుడతాం. గౌను కింద రెండంగుళాల మడత, పక్క కుట్టులో ఒక అంగుళం గుడ్డ. ఏడాదికి విప్పితే సరిపోతుంది. బంతి కూడా అట్లే కొంచెం పెద్దది కొంటే రెండేళ్లు వస్తుంది కదా అని అడిగినా. ఆయన కాదన్నాడు. ఆటకు ఈ రోజు చెయ్యి ఎంతుందో అంతే కావాలన్నాడు.

ఆ సాయంత్రం ప్యాంటూ షర్టూ కొలతలు తీసుకుంటా, చెయ్యి కొలతలో భాగంగా పాప అరచెయ్యి కూడా చాపమని టేపు పెట్టినా. "షర్టుకు అరచెయ్యి ఎందుకు మా?" అనింది. "కఫ్ కోసం" అన్నా. అది అబద్ధమే, క్రిస్మస్‌కు అంతవరకు చెల్లుతుందనుకున్నా.

మళ్లీ అంగడికి పోయినా. జరిగింది దాపరికం లేకుండా చెప్పినా. గ్లౌజులు వాడలేదు కాబట్టి కుడివాటానివి మార్చిచ్చినాడు, మారు మాట్లాడలేదు. బంతి మాత్రం చిన్నవి అంగట్లో లేవు. పెద్దవే పోతాయి, చిన్నవి అడిగేవాళ్లు తక్కువంట. బెంగళూరు నుంచి తెప్పిస్తానన్నాడు. ఆ వారం అంతా నాకు అదే దిగులు. రోజుకొకసారి ఫోన్ చేసినా. ఇరవై రెండో తేదీ సాయంత్రం పార్సిల్ వచ్చిందని కబురు చేసినాడు.

నాలుగు రకాలు ముందు పెట్టినాడు. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది, తీసి ఒక్కొక్కదాన్నీ చుట్టి చూసినా. ముందు నేను కొన్నది ఇరవై రెండున్నర సెంటీమీటర్లు. ఇది ఇరవై ఒకటి. తేడా వినడానికి చిన్నదే, పట్టుకుంటే నా చేతికే తెలిసింది. తర్వాత కుట్టు చూసినా. అక్కడ నాకు ఎవరి సలహా అక్కర్లేదు. చవకదానికి తోలు రెండు ముక్కలు, మంచిదానికి నాలుగు ముక్కలు. నాలుగు ముక్కల బంతి గుండ్రం చెడకుండా ఎక్కువ రోజులుంటుంది. నడుమన ఆరు వరుసల కుట్టు. గోరు పెట్టి లాగినట్టు చూసినా, ఒకదాంట్లో దారం వదులుగా ఉంది, పక్కన పెట్టినా. ఇంకొకదాంట్లో కుట్టుకు కుట్టుకు మధ్య ఎడం ఒకే తీరుగా ఉంది, తోలు అంచు ఎక్కడా ముడత పడలేదు. చేతి కుట్టన్నాడు. ఇంత గట్టి తోలులోకి ఇంత వరసగా సూది దించిన వాళ్లెవరో గానీ, కుట్టు తెలిసిన మనిషిగా నేను ఆ బంతిని చాలాసేపు చేతిలో తిప్పినా. అట్లాంటివే రెండు తీసుకున్నా. ఒక్కొక్కటి 420 రూపాయలు. ట్యాబ్ కోసం మా ఆయన పంపిన డబ్బులో బూట్లు కూడా కొన్నా. పాత బూట్లు సంచిలో వేసుకొని పోయి దాని కొలతకు ఒక వేలు మాత్రం వదిలి తీసుకున్నా.

ఆయనకు ఆ రాత్రి వీడియో కాల్‌లో అన్నీ చూపించినా. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంట్లో అది బంతి పట్టుకున్నప్పుడు ఒక వీడియో తీసి పంపు" అన్నాడు. మా అత్తకు చెప్పడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. పొద్దున్నే ఆరు గంటలకు ఆడపిల్లను గ్రౌండుకు పంపడం ఆమెకు ఇష్టం ఉండదని తెలుసు. చెప్పినాక ఆమె అడిగింది ఒకటే. "తోడు ఎవరు పోతారు?" నేను పోతానన్నా. "పండగ రోజుల్లో నీకు పనుంటాది. నేను పోతాలే, ఎట్లా ఐదింటికే లేస్తా కదా" అనింది.

ఇరవై నాలుగో తేదీ రాత్రి చివరి డెలివరీ అయిపోయేసరికి పదకొండు. అలవాటు కొద్దీ మిగులు గుడ్డ కోసం చెయ్యి పోయింది. పాత జీన్స్ ముక్క ఉంటే దాంతో బంతులకు చిన్న సంచి కుట్టినా, పైన నాడా. బూట్లు వేరే డబ్బాలో పెట్టినా. ఒక కవరులో గ్రౌండు దరఖాస్తు ఫారం. పాప పేరు, వయసు, తరగతి నేనే నింపినా. తల్లిదండ్రుల సంతకం దగ్గర సంతకం పెట్టినా.

క్రిస్మస్ పొద్దున ఆరాధన అయిపోయి, కేకులు, కర్జికాయలు ఇరుగుపొరుగుకు పంచి, తినేసరికి రెండైంది. అప్పుడు విప్పింది. నాడా లాగి బంతి బయటికి తీసింది. చూడలేదు, ముందు వేళ్లు పెట్టింది. చూపుడు వేలు కుట్టు మీదికి, మధ్య వేలు దాని పక్కకు, వాటంతటవే పోయినట్టు పోయినాయి. ముక్కు దగ్గర పెట్టుకొని తోలు వాసన చూసింది. "చిన్న బంతి మా ఇది. పెద్దది నా చేతికి పట్టదు" అనింది. తెలుసన్నా. గ్లౌజులు తీసి కుడి ఎడమ తిప్పి చూసి నా మొహంలోకి చూసింది. "నేను రైట్ హ్యాండ్ అని నీకెట్ల తెలుసు?"

"చూసినా" అన్నా.

కవరు చివర్న విప్పింది. చదివింది. మళ్లీ చదివింది. కింద వేలు పెట్టి, "ఇది నీ సంతకమేనా?" అనింది.

"నాదే."

ఇంకేమీ అడగలేదు. బూట్లు వేసుకొని, లేసులు కట్టుకొని, ఆ సాయంత్రం దాకా విప్పలేదు. రాత్రి పడుకొని బంతిని పైకి తిప్పేసి పట్టుకుంటాంటే, జారి మంచం కోడుకు తగిలి చప్పుడైతే, జేజి లేచి కూర్చుని "తలకు తగలకుండా చూసుకో మే" అని మళ్లీ పడుకుంది.

పాపది క్రైస్తవ మిషనరీ స్కూలు కాబట్టి వారం సెలవులు. ఇరవై ఆరో తేదీ నుంచే జేజి, మనవరాలు పోతాండారు. జేజి ఒక ఫ్లాస్కులో టీ పోసుకొని గట్టు మీద కూర్చుంటుందంట. మొదటి రోజు వచ్చినాక పాప చెప్పింది తక్కువ. సార్ ఆరు బంతులు వేయమన్నాడు, నాలుగు పక్కకు పోయినాయి, ఒకటి తిరిగింది. ఆ ఒకటి ఎట్లా తిరిగిందో నాకు వంటింట్లో ఉల్లిగడ్డతో చూపించింది.

కొత్త సంవత్సరం నుంచి తెల్ల ప్యాంటు కావాలంట. ఈ రోజే గుడ్డ కత్తిరించినా. నడుం సరిగ్గా దాని కొలతకే పెట్టినా. కాళ్ల దగ్గర మాత్రం రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టినా. అది పెరిగే తీరు చూస్తే ఎండాకాలం సెలవులకే విప్పాల్సొచ్చేటట్టుంది.